నేను చుక్కలు పెట్టిన తీరం

మొన్న పలాస స్టేషన్లో రైలు కోసం బెంచీ మీద కూర్చుంటే ఇద్దరు కొత్త సర్వేయర్లు నన్ను గుర్తుపట్టారు. ట్రైనింగులో ఎక్కడో నా ఫొటో చూశారట. "మీ కాలంలో కొలత గొలుసులు లాక్కుంటూ తిరిగేవారట కదా సార్, పాపం" అని జాలిపడి, చేతిలో టాబ్ తీసి వాళ్ళు కొలిచిన ఊళ్ళు చూపించారు. వేలితో అలా తోస్తూ తోస్తూ సముద్రం దాకా వచ్చి, "ఈ పక్కంతా ఖాళీ సార్, ఒక్క పూటలో అయిపోయింది" అన్నారు.

ఖాళీ! ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళకేదో గట్టిగా చెబుదామని నోరు తెరిచేలోగా రైలు వచ్చేసింది. రైల్లో కూర్చున్నాక కూడా మంట ఆరలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఆ ఇద్దరి కోసం, వాళ్ళలాంటి మీ అందరి కోసం. మీరు చదివి, ముసలాడికి చాదస్తం అనుకున్నా ఫర్వాలేదు. ఉద్దానం తీరంలో ఒక బతికున్న రేవుని నా చేత్తో నేనే ఖాళీ చేశాను. ఎలా చేశానో చెబుతాను.

నాది పలాసకి దగ్గర్లో జీడితోటలున్న ఇల్లు. ఊరికీ సముద్రానికీ నడిచి వెళ్ళేంత దూరమే. అయినా చిన్నప్పుడు సముద్రం అంటే మాకు ఊరి వెనక ఉన్న సరుకు. తుఫాను వస్తే గుర్తొచ్చేది, లేకపోతే నెత్తి మీద గంప పెట్టుకుని ఎండు నెత్తళ్ళు అమ్మడానికి వచ్చే ఆడవాళ్ళని చూస్తే గుర్తొచ్చేది. వాళ్ళు ఎక్కడి నుంచి వస్తారో, ఆ చేపని ఎక్కడ ఎండేస్తారో మా ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. బేరం మాత్రం గట్టిగా ఆడేవాళ్ళం.

ఉద్యోగంలో చేరినప్పుడు నాకు పని నేర్పిన పెద్ద సర్వేయరు ఒకాయన ఉండేవాడు. బీడీ కాలుస్తూ, ఇంకు సీసా పక్కన పెట్టుకుని, ట్రేసింగ్ కాగితం మీద గుర్తులు వేయించేవాడు. కొబ్బరిచెట్టుకి ఒక గుర్తు, జీడిచెట్టుకి ఒకటి, గుడికి జెండా, బావికి గుండ్రం, ఇసుకకి చుక్కలు. "చుక్కలు సన్నంగా, దూరం దూరంగా పెట్టరా, ఇసుక కదా, నీ అత్తగారి పట్టుచీరేం కాదు" అనేవాడు. ఉత్తరం పైకి, తూర్పు కుడికి. ఇదేమిటి, ఇలాగే ఎందుకుండాలి అని నేనెప్పుడూ అడగలేదు. సూర్యుడు తూర్పున పుడతాడన్నంత ఖాయం అనుకున్నాను. ఆయన ఇంకో మాట కూడా అనేవాడు: "పటంలో గుర్తు లేనిదేదీ నేల మీద లేనట్టేరా." అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. ఆయన వేళాకోళానికి అన్నాడని నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. నేను మాత్రం దాన్ని రూలుగా పట్టుకున్నాను.

ఇక అసలు సంగతికి వస్తాను. నా సర్వీసు చివరి సంవత్సరాల్లో రీసర్వే వచ్చింది. ప్రతి ఊరి మీదా డ్రోన్ ఎగరాలి, ఆ ఫొటోల మీద కొత్త పటాలు గీయాలి. పూండి స్టేషన్ నుంచి తూర్పుగా వెళ్తే వచ్చే తీరంలో ఒక చిన్న చేపలూరు నాకు పడింది. పేరు చెప్పను. చెప్తే ఎవరికి ఏ ఇబ్బందో. నేను పనిచేసిన ఆఫీసు పేరూ చెప్పను.

డ్రోన్ ఫొటోకి మనుషులు, బోట్లు, వలలు అడ్డం రాకుండా ఉంటే మాకు పని సుళువు. శుభ్రమైన ఫొటో అంటే మా డిపార్ట్‌మెంటులో మంచి మార్కులు. అందుకని నేను ముందే ఊరికి వెళ్ళి, ఆ ఊరి పెద్దాయన్ని కలిశాను. డెబ్బై దాటిన మనిషి, చేతులు వలతాళ్ళకి కోసుకుపోయి గీతలు గీతలుగా ఉన్నాయి. "పెద్దయ్యా, తీరం మీద జనం లేకుండా ఏ రోజు ఉంటుంది?" అని అడిగాను.

ఆయన పెద్దగా ఆలోచించలేదు. "గంగమ్మ పండగ నాడు రండి బావూ. ఆ దినం ఇసక మీద ఎవులూ అడుగెయ్యరు" అన్నాడు.

అదేటి అంటే చెప్పాడు. వేట నిషేధం అయ్యాక, మొదటిసారి సంద్రం లోకి వెళ్ళేముందు వాళ్ళు గంగమ్మకి పండగ చేస్తారు. ఆ తల్లి నీళ్ళలోంచి నడిచి ఊళ్ళోకి వస్తుందట. ఆమె దారికి అడ్డంగా ఏదీ ఉండకూడదు. అందుకని ముందురోజే బోట్లన్నీ లాగి సరుగుడు తోట లోపల చెట్ల కింద పెట్టేస్తారు. వలలు, చేపలు ఎండేసే గెడలు, పందిళ్ళు అన్నీ విప్పేస్తారు. ఆడవాళ్ళు ఊళ్ళోంచి ఒడ్డు దాకా ఇసుక చిమ్ముతారు, వాకిలి చిమ్మినట్టు. నడిచే దారి జాడ కూడా చిమ్మేస్తారు. పూజ అయ్యేదాకా ఇసుక మీద ఒక్క కాలి గుర్తు పడకూడదు.

"మరి మా డ్రోన్ ఎగిరితే మీకు ఏమీ అభ్యంతరం లేదా?" అన్నాను.

"మీ యంత్రం ఇసక తొక్కదు గదా బావూ, గాల్లోనే ఎల్తాది" అని నవ్వాడు. "మీరూ రండి, పాయసం తాగెల్దురు."

నాకెంత సంతోషమైందో! ఇంతకన్నా శుభ్రమైన రోజు ఇంకేం దొరుకుతుంది? పండగ నాడు వెళ్ళాను. డ్రోన్ ఎగిరింది. ఊరంతా సరుగుడు నీడలో నిలబడి తలలెత్తి చూసింది. ఒక ముసలమ్మ, పెద్దాయనకి వదిన అవుతుంది, పలాస బజారుకి ఎండు చేప తీసుకెళ్ళి అమ్మే మనిషి, నాకు స్టీలు గ్లాసులో పాయసం ఇచ్చి, "మా ఊరు పైనించి బాగున్నాదా బావూ?" అని అడిగింది. బాగుందమ్మా అన్నాను. తెరలో చూస్తే నిజంగానే తెల్లగా, మచ్చ లేకుండా ఉంది.

ఇప్పుడు ఇది రాస్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

తర్వాత ఆఫీసులో పటం గీసే పని. కంప్యూటర్ దగ్గర కూర్చునేది మా కొలీగు, సంతబొమ్మాళి వైపు నుంచి వచ్చిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, నోట్లో నాలుకున్న మనిషి. ఫొటో మీద ఒక్కో ముక్కకీ ఒక గుర్తు ఎంచాలి. తెర మీద ఒక జాబితా ఉంటుంది, అందులోంచి ఎంచుకోవాలి. ఇల్లు, గుడి, బడి, బావి, చెరువు, కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, కొబ్బరి, జీడి, సరుగుడు, వరి కళ్ళం, ఇసుక, బీడు.

ఆవిడ జాబితా కిందకీ పైకీ తిప్పి, "సార్, రేవుకి గుర్తు లేదు. పడవలు నిలిపే చోటికి లేదు. చేపలు ఎండేసేదానికి లేదు. ఏటి పెట్టమంటారు?" అంది.

"ఫొటోలో పడవలున్నాయా?"

"లేవు. కానీ అది రేవే కదా సార్. మా పిన్నోళ్ళు అటేపు ఊళ్ళోనే ఉన్నారు, నేను చూశాను."

"ఫొటోలో లేనిది మనం ఎక్కడ పెడతాం? ఇసుక వేసేయ్" అన్నాను.

"దారి?"

"కనబడుతోందా?"

"లేదు."

"అయితే లేదు."

ఆవిడ నా వంక ఒక చూపు చూసి, మౌస్ నొక్కింది. ఊరికీ సముద్రానికీ మధ్య ఉన్న నేలంతా చుక్కలైపోయింది. నేను కింద సంతకం పెట్టాను.

మీరు అడగొచ్చు. ఫొటో అయ్యాక నేల మీదకి వెళ్ళి సరిచూడాలి కదా అని. చూడాలి. రూలు ఉంది. కానీ ఆ రోజుల్లో నేను జీడితోటల్లో తగాదాలు తీర్చడంలో మునిగిపోయాను. అడుగు నేల కోసం అన్నదమ్ములు గొలుసు మీద పడి కొట్టుకునేవారు, మామ అల్లుడి మీద కేసు పెట్టేవాడు. అక్కడ అరిచేవాళ్ళున్నారు కాబట్టి అక్కడ నాలుగుసార్లు కొలిచాను. తీరం మీద ఎవరూ అరవలేదు. అందుకని ఒక్కసారి కూడా వెళ్ళలేదు. నోటీసు అంటించాం, అభ్యంతరాలుంటే చెప్పమన్నాం. నోటీసులో సర్వే నంబర్లు తప్ప ఏమున్నాయి? ఆ నంబరు తమ రేవుదని వాళ్ళకెలా తెలుస్తుంది? గడువు అయిపోయింది. పటం పక్కా అయిపోయింది. వరి రైతుకి కళ్ళం ఉంటే పటంలో కళ్ళం అని రాస్తాం, దానికి రక్షణ ఉంటుంది. చేప రైతుకి కళ్ళం ఉండదా? ఎవడు రాశాడు ఆ జాబితా? రాసినవాడు ఎప్పుడైనా చేప కూర తిన్నాడో లేదో!

కొన్నాళ్ళకి ఆ ఇసుక మీద రొయ్యపిల్లల హేచరీ పెడతామని ఒక కంపెనీ వచ్చింది. జిల్లా నుంచి పెద్దాఫీసరు గ్రామసభ పెట్టాడు. బడి ఆవరణలో షామియానా వేశారు. నేను గీసిన పటాన్ని పెద్ద ఫ్లెక్సీ కొట్టించి గోడకి కట్టారు. నన్ను ఆఫీసర్ల వరుసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఎదురుగా ఊరంతా నేల మీద కూర్చుంది. వాళ్ళకి పోయేదేమిటో వాళ్ళకి స్పష్టంగా తెలుసు. ఆ ఇసుక చుట్టూ కంచె పడితే పడవ దింపే చోటు పోతుంది, చేప ఎండేసే చోటు పోతుంది, ఇంట్లోంచి సముద్రానికి దారే ఉండదు. పక్క ఊరి రేవుకి వెళ్దామంటే ఆ ఊరివాళ్ళు వీళ్ళ పడవల్ని ఎందుకు నిలపనిస్తారు? వాళ్ళకే ఇరుకు.

పెద్దాఫీసరు మంచివాడే. గొంతు మెత్తగా ఉంటుంది. చేతిలో కర్ర పట్టుకుని చెప్పాడు. "ఇదిగో మీ ఊరు. ఇది రోడ్డు. ఇవి జీడితోటలు. ఈ చుక్కలున్నదంతా ఖాళీ ఇసుక. హేచరీ ఇక్కడే వస్తుంది. ఒక్క ఇల్లు పోదు, ఒక్క సెంటు పొలం పోదు, చెట్టు కూడా పోదు. మీ పిల్లలకి ఉద్యోగాలొస్తాయి. ఇంక మీకేం కష్టం?"

నాకు పాయసం ఇచ్చిన ముసలమ్మ లేచి ముందుకొచ్చింది. గంప పక్కన పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుంది.

"బావూ, నాకు సదువు రాదు. ఆ బొమ్మలేటో కాస్త సెప్పండి. ఈ పచ్చ సెట్టేటి?"

"జీడితోట అమ్మా."

"ఈ గుండ్రం?"

"బావి."

"ఇదేటి, కర్రలాగున్నాది?"

"కరెంటు స్తంభం."

"ఓలమ్మో! కరంటు తంబానికి కూడా బొమ్మున్నాదా?" అంది. వెనక జనం గొల్లుమన్నారు. ఆఫీసరు కూడా నవ్వాడు. "మరి ఈ సుక్కలు?"

"ఇసుక."

"మరి మావెక్కడున్నాం బావూ?"

ఆయన కర్రతో ఇళ్ళు చూపించాడు. "ఇదిగో, ఇక్కడ."

"అది మావు తొంగునే సోటు బావూ. మావు బతికే సోటేదీ?"

ఆఫీసరు ఏదో చెప్పబోతుంటే పెద్దాయన లేచాడు. పటం దగ్గరికి వచ్చి, చాలాసేపు చూశాడు. తల అటు వంచాడు, ఇటు వంచాడు. చివరికి, "దీన్ని తిప్పి కట్టండి, నాకు అంతుసిక్కట్లేదు" అన్నాడు.

కంపెనీ మనిషి నవ్వాడు. "ఉత్తరం పైనే ఉండాలి తాతా. ప్రపంచమంతా అంతే."

"ఎవులు సెప్పినారు?"

ఉద్యోగమంతా ఉత్తరం పైకి పెట్టి గీసినవాణ్ణి, ఎవరు చెప్పారో నాకే తెలీదు.

"మావు సంద్రం మీంచి ఇంటికొత్తాం బావూ. ఎదురుగా మహేంద్రగిరి కనబడతాది. దాని కిందన మా ఊరి జంట తాటిసెట్లు కలిసినట్టుంటే సరిగా రేవుకొచ్చినట్టు. కొండ పైనుండాల, నీల్లు కిందుండాల. మీది అడ్డంగా పడుకోబెట్టినారు" అన్నాడు.

ఇద్దరు కుర్రాళ్ళు గబగబా ఫ్లెక్సీ తాళ్ళు విప్పి, పడమర పైకి వచ్చేలా తిప్పి పట్టుకున్నారు. సముద్రం కిందకి వచ్చింది. పెద్దాయన ఒక్క క్షణం కూడా వెతుక్కోలేదు. చుక్కల మధ్యలో వేలు పెట్టి, "ఇదీ రేవు. ఇదీ దారి" అని వేలు ఇళ్ళ దాకా లాగాడు.

పెద్దాఫీసరు నా వైపు తిరిగాడు. "సర్వేయరు గారూ, అక్కడ రేవు ఉందా?"

ఉందని చెప్తే నా సంతకం అబద్ధమైపోతుంది. రిటైర్మెంటు దగ్గరికొచ్చింది. నీళ్ళు నమిలి, నమిలి, "రికార్డు ప్రకారం లేదు సార్" అన్నాను.

ఛీ! ఆ మాట ఇప్పటికీ నా నోట్లో చేదుగా ఉంటుంది. రికార్డు ప్రకారమట! ఆ రికార్డు ఆకాశంలోంచి ఊడిపడిందా? రాసినవాణ్ణి నేనే కదా.

ముసలమ్మ అప్పుడు నన్ను నిదానంగా చూసింది. గుర్తుపట్టింది.

"ఈ బావుగారేనర్రా, పండగనాడు గాల్లో యంత్రం తిప్పినాడు" అని వెనక్కి తిరిగి చెప్పింది. మళ్ళీ నా వైపు తిరిగి, "మా పండక్కొచ్చి, మా పాయసం తాగి, మా తీరం తీసీసినావా బావూ?" అంది.

కోపంగా అని ఉంటే తట్టుకునేవాణ్ణేమో. తెలుసుకోవడానికి అడిగినట్టు అడిగింది. నాకు తల కొట్టేసినట్టైంది. కుర్చీలోంచి లేచాను. ఎలా లేచానో నాకే తెలీదు.

"సార్, ఆ ఫొటో వాళ్ళ పండగ నాడు తీశాం. ఆ రోజు వాళ్ళు తీరం ఖాళీ చేస్తారు. ఆ రోజుని ఎంచింది నేనే. తర్వాత వెళ్ళి సరిచూడలేదు. అక్కడ రేవు ఉంది, దారి ఉంది" అన్నాను.

పెద్దాఫీసరు మొహం మాడిపోయింది. దగ్గరికొచ్చి చెవిలో, "రిటైరయ్యే ముందు ఇదేం పనండీ? గడువులోగా ఎవరూ అభ్యంతరం పెట్టలేదు కదా?" అన్నాడు. మళ్ళీ పైకి, "సర్వేయరు వెళ్ళి మళ్ళీ కొలిచి రిపోర్టు ఇస్తారు" అని సభ ముగించాడు. ఊరివాళ్ళు ఆయన్ని రేవుకి రమ్మన్నారు, పక్కనే కదా అని. ఆయనకి కోటబొమ్మాళిలో ఇంకో మీటింగు ఉందట.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. నాతో మా కంప్యూటర్ కొలీగు కూడా వచ్చింది, సెలవు పెట్టి మరీ. పండగ నాటి ఖాళీ ఇసుక తప్ప, నా జన్మలో ఆ తీరాన్ని పని మీద ఉండగా మొదటిసారి అప్పుడే చూశాను. పడవలు వచ్చేసి ఉన్నాయి. ఇసుక మీద నడవడానికి చోటు లేదు. ఒక పక్క వలలు విదిలిస్తున్నారు, ఒక పక్క కవ్వళ్ళ చేపలు ఏరుతున్నారు, ఆడవాళ్ళు నెత్తళ్ళు పరుస్తున్నారు. బేరగాళ్ళు, ఆటోలు, ఐసు గోతాలు, కాకులు, అరుపులు. ఇదంతా నేను చుక్కలు పెట్టిన చోటు.

ముసలమ్మ నన్ను వెంటబెట్టుకుని తిప్పింది. ఆ ఇసుకలో ఎక్కడా రాయి లేదు, గట్టు లేదు, కర్ర కూడా లేదు. అయినా ప్రతి ఇంటికీ చేప ఎండేసుకునే చోటు విడిగా ఉంది.

"ఇది మా తోడికోడలిది. అక్కడికి అయిపోనాది. అక్కణ్ణించి మాది. అదిగో, ఆ మూల పెద్ద కోడలికిచ్చీసినాను."

"హద్దు ఎక్కడమ్మా?"

"కనబడట్లేదా?" అని నన్ను విచిత్రంగా చూసింది.

నాకు కనబడలేదు. అక్కడున్న ప్రతి మనిషికీ కనబడుతోంది. పలాస టౌన్లో ఇళ్ళ స్థలాలకి కూడా అంత పక్కా హద్దులు లేవు, నాకు తెలుసు, నేనే కొలిచాను. ఒకరి చోటులో ఒకరు ఒక్క చేప పరవరు. ఏ తగాదా రాలేదు, ఏ కేసు పెట్టలేదు, ఏ ఆఫీసు గడపా ఎక్కలేదు. పాపం, అదే వాళ్ళ తప్పైపోయింది.

మేమిద్దరం సాయంత్రం దాకా కొలిచాం. ఒక్కో ఇంటిదీ విడిగా, దారి విడిగా, పడవలు దింపే చోటు విడిగా. పెద్దాయన చెప్పినట్టే పడమర పైకి పెట్టి ఒక కాగితం మీద చేత్తో గీశాను. ఉద్యోగంలో నేను గీసిన పటాలన్నిట్లో నాకు గర్వంగా అనిపించింది అదొక్కటే. ఆఫీసుకొచ్చాక కొలీగు దాన్ని మళ్ళీ ఉత్తరం పైకి తిప్పి కంప్యూటర్లో ఎక్కించింది. జాబితాలో గుర్తులు లేవు కాబట్టి రేవు అని, చేపల కళ్ళం అని అక్షరాలతో రాసింది. పంపాం.

రెండు వారాలకి తిరిగొచ్చింది. మీద ఒకే వాక్యం: "నిర్ణీత గుర్తులు కానివి తొలగించి పంపవలెను."

ఏం తొలగించాలి? ఊరినా? నేను కోపం పట్టలేక ఆ కాగితాన్ని బల్ల మీద విసిరికొట్టాను. కొలీగు తీసి, మడత సరిచేసి, "సార్, మళ్ళీ పంపుదాం" అంది. పంపాం. మళ్ళీ వచ్చింది. ఈసారి కళ్ళం అన్న గుర్తు వరికే వాడాలని రాశారు. మూడోసారి నేనే వెళ్ళాను, పై ఆఫీసు గుమ్మం ముందు రోజంతా నిలబడ్డాను. అక్కడి అధికారి నా మాటంతా విని, "మీరు చెప్పింది నిజమే అయ్యుండొచ్చండీ. కానీ సాఫ్ట్‌వేర్ తీసుకోదు" అన్నాడు. సాఫ్ట్‌వేర్ తీసుకోదట! మనిషి నోటితో సిగ్గు లేకుండా అన్నాడు. నేను కూడా ఒకప్పుడు ఇంచుమించు ఇదే మాట అన్నానని గుర్తొచ్చి, తిట్టబోయినవాణ్ణి ఆగిపోయాను.

చివరికి వాళ్ళు ఒప్పుకున్నది ఒక్కటే. దారి. మనిషి నడిచేంత సందు, ఒకే ఒక్కటి. దానికి జాబితాలో గుర్తుంది, తెగిన గీతలు. రేవు పోయింది. కళ్ళాలు పోయాయి. నేను రిటైరయ్యాను. దండ వేశారు, శాలువా కప్పారు, తప్పు లేని సర్వీసు అని మెచ్చుకున్నారు. ఆ మాట విని కొలీగు తల దించుకుంది. నేనూ దించుకున్నాను.

తర్వాత కంచె పడింది. ఆ సందుకి గేటు పెట్టారు, గేటు పక్కన సెక్యూరిటీ గది కట్టారు. కొత్త పటంలో చూశాను. కంచెకి గుర్తుంది. గేటుకి గుర్తుంది. ఆ సెక్యూరిటీ గదికి కూడా ఇంటి గుర్తు పెట్టారు. ఊళ్ళో సగం మంది ఇప్పుడు చేప ఎండెయ్యడం మానేశారు. మిగిలినవాళ్ళు తారు రోడ్డు అంచున పరుస్తున్నారు, లారీలు తొక్కుతున్నాయి. వేటకి వెళ్ళేవాళ్ళు కొందరు గుజరాత్ వెళ్ళిపోయారు, వేరేవాళ్ళ పడవల్లో కూలికి.

చిన్నపిల్లల్లారా, మీరు మంచివాళ్ళే. మీ యంత్రాలు మంచివే. కానీ మీ టాబ్‌లో ఒక జాబితా ఉంది, దాన్ని ఎవరో ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని రాశారు. మీ కంటికి కనిపించేది ఆ జాబితాలో లేకపోతే, కన్ను తప్పని అనుకోకండి. జాబితాని తిట్టండి. పై ఆఫీసుకి పదిసార్లు రాయండి. ఉద్యోగం పోతుందని భయపడకండి, దానికన్నా పెద్దవి పోతున్నాయి. నేను భయపడ్డాను. ఏం మిగిలింది?

పోయిన నెల అటు వెళ్ళాను. పనేం లేదు, మనసు ఊరుకోలేదు. గేటు దగ్గరికొచ్చేసరికి ముసలమ్మ కనబడింది, చిన్న గంపతో, సముద్రం వైపు పోతోంది. నన్ను చూసి కోప్పడలేదు. "బాగున్నావా బావూ, సిక్కిపోనావేటి?" అని అడిగింది. ఇద్దరం కలిసి గేటు దాకా నడిచాం.

సెక్యూరిటీ మనిషి ఎక్కడివాడో, ఈ ప్రాంతం వాడు కాదు. రిజిస్టరు తీసి ఆవిణ్ణి ఆపాడు. పేరేమిటి, ఎక్కడికి వెళ్తున్నావు, ఎందుకు, ఎప్పుడు తిరిగొస్తావు. ఆవిడ అన్నిటికీ చెప్తోంది. ఆధార్ చూపించమన్నాడు. చెంగు ముడి విప్పి తీసింది. అదే చోటికి రోజూ వెళ్ళే మనిషి. నేను ఆవిడ వెనక నిలబడ్డాను, నా వంతు వస్తుందని. నా ప్యాంటూ చొక్కా చూసి వాడు లేచి, గేటు బార్లా తీసి, "మీరు వెళ్ళండి సార్" అన్నాడు.

"నా పేరు కూడా రాయి" అన్నాను.

"మీకవసరం లేదు సార్."

"రాయవయ్యా! నేను ఈ ఊరివాణ్ణి కాదు, ఆవిడ ఈ ఊరిది. నన్నాపు!"

గట్టిగానే అరిచాను. వాడికి నేనెందుకు అరుస్తున్నానో అర్థం కాలేదు, బిత్తరపోయి చూశాడు. ముసలమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"నువ్వెల్లు బావూ" అంది. "నీకు దారున్నాది."

నేను వెళ్ళలేదు. వాడు ఆవిడ ఆధార్ నంబరు ఒక్కొక్క అంకే రాసుకుంటుంటే, అయ్యేదాకా ఆ గేటుకి ఇవతలే నిలబడ్డాను.